మా కొడకండ్ల అంబాసిడర్: అద్దాల గదిలోకి ఎక్కని కారు కథ

 

నా వెనక కనిపిస్తున్న తెల్ల బండిని థంబ్‌నెయిల్‌లో చూసే మీలో చాలామంది ఈ వీడియో ఓపెన్ చేసి ఉంటారు. ఇది 1974 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. ఉన్నది జనగామ జిల్లా కొడకండ్లలో, మా ఇంటి ముందు రేకుల షెడ్డులో. షోరూమ్ బండిలా మెరవదు. ఎడమ వైపు వెనక డోర్ బయట నుంచి తీస్తేనే వస్తది. డిక్కీ మూత ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కానీ నడుస్తది. నిన్న కూడా నడిపిన.

పోయిన ఎండాకాలం ఈ బండికి ఇద్దరు రేటు కట్టిన్రు. ఒకాయన పాత ఇనుము కొనే వ్యాపారి. చుట్టూ తిరిగి చూసి కిలో లెక్కన చెప్పిండు. ఇంజన్ నడుస్తదా అని కూడా అడగలే. ఇంకొకాయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిండు. కొత్త రంగు కొట్టించి, బంపర్లకు మెరుగు పెట్టించి, రిసార్ట్ గేటు దగ్గర పెట్టుకుంటా అన్నడు. ఫొటోలు దిగేటందుకు. ఒకరికి అది ఇనుము, ఇంకొకరికి అలంకారం. ఈ బండి యాభై ఏండ్లు ఎవరిని ఎక్కించుకుంది, ఎక్కడికి తీస్కపోయింది అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆ కథ చెప్పాలనే ఈ ఎపిసోడ్.

మనం దాచుకున్న కారు

ముందు హైదరాబాద్ పోదాం. చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే అక్కడ ఒక పసుపు రంగు రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. సిల్వర్ ఘోస్ట్ మోడల్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ ఇచ్చిన కారు అది. లండన్‌లో బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. వెనక భాగంలో సింహాసనం లాంటి ఎత్తైన ఆసనం ఉంటుంది. అందుకే దాన్ని థ్రోన్ కార్ అంటారు. ఆర్డర్ ఇచ్చిన ఆయన మాత్రం ఆ కారు ఎక్కలేదు. అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోండి. ఆ కారు ఇన్నేండ్లలో నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెప్తారు. అంటే మన కిలోమీటర్లలో ఆరు వందల యాభై లోపే. కొడకండ్ల నుంచి హైదరాబాద్‌కు రెండు మూడు సార్లు పోయి వస్తే అయిపోయే దూరం. మా బాపు ఎన్నో నెలలు అంతకంటే ఎక్కువ నడిపిండు.

రోల్స్ రాయిస్‌ను తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. అది చాలా అందమైన బండి, చూడాల్సిందే. కానీ మనం కార్లను ఎట్లా దాచుకుంటున్నమో చూడండి. ఎంత తక్కువ తిరిగితే అంత విలువ. ఎంత ఎక్కువ మందిని మోస్తే అంత పాత ఇనుము.

కారుకు ముందు ఎవరు మోసిన్రు?

ఆ రోల్స్ రాయిస్ హైదరాబాద్‌లో ఉన్న కాలంలోనే మన పల్లెల్లో ప్రయాణం ఎట్లుండేది? పేదోళ్ళు నడిచేది. కొంచెం ఉన్నోళ్ళకు ఎడ్ల బండ్లు, కచ్చురాలు. గడీల వాళ్ళు కదిలితే మేనాలు. మేనా మోసేది మనుషులే. కూలి ఉండేది కాదు. రాత్రి ప్రయాణమైతే ముందు దివిటీ పట్టుకొని ఉరికేది కూడా మనుషులే. అదంతా వెట్టి.

కొడకండ్లకు దగ్గర్లోనే, దేవరుప్పుల మండలంలో కడవెండి ఉంది. 1946 జూలై 4న అక్కడ విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయిండు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన భూమి కోసం అదే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడింది. ఇవి మీకు తెలిసిన పేర్లే. కారు చరిత్రలో వీళ్ళెందుకు అంటారేమో. మన దగ్గర మేనాను జనం భుజాల మీది నుంచి దించింది కార్లు కాదు, ఆ పోరాటం. బండ్లు తర్వాత వచ్చినయి.

ఇటు మామూలు జనానికి మోటారు బండి అంటే మొదట బస్సే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవ్వాళ్టి మన ఆర్టీసీకి మూలం అదే. ఇంగ్లండ్ పైన ఉన్న స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పట్లో తిరిగేవి. అయితే బస్సు రోడ్డు ఉన్న ఊరికే వచ్చేది, అది కూడా దాని టైమ్‌కు. అర్ధరాత్రి నొప్పులొస్తే బస్సు రాదు కదా. ఆ ఖాళీలోకి వచ్చిన బండే అంబాసిడర్.

అంబాసిడర్ మన ఊర్లకు ఎట్లొచ్చింది

హిందుస్థాన్ మోటార్స్ కంపెనీని 1942లో బి.ఎం. బిర్లా పెట్టిండు. మొదట గుజరాత్‌లోని పోర్ట్ ఓఖాలో, తర్వాత 1948లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాకు మార్చిన్రు. ఇంగ్లండ్‌లోని మోరిస్ కంపెనీ కార్లనే ఇక్కడ కొత్త పేర్లతో తయారు చేసేవాళ్ళు. 1954లో ల్యాండ్‌మాస్టర్ వచ్చింది. 1950ల చివర, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా అంబాసిడర్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆ మోడల్‌ను కొన్నేండ్లకే ఆపేసిన్రు. మన దగ్గర మాత్రం అర శతాబ్దం దాటి నడిచింది.

అన్నేండ్లు ఎట్లా నడిచింది? అప్పుడు మన దేశంలో ఎవరు కారు తయారు చెయ్యాలి, ఏటా ఎన్ని చెయ్యాలి అనేది ప్రభుత్వ లైసెన్స్ ప్రకారమే. బయట నుంచి కార్లు తెచ్చుకోవడం దాదాపు కుదరదు. ముఖ్యంగా మూడు కంపెనీలు: బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళ ఫియట్, మద్రాసులో స్టాండర్డ్, ఇటు అంబాసిడర్. డబ్బులు కట్టినా ఏండ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే అప్పట్లో అంబాసిడర్ అంటే కలెక్టర్, మంత్రి, పెద్ద డాక్టర్. మీద ఎర్ర బుగ్గ ఉంటే జనం పక్కకు జరిగేది. ఆ ఎర్ర బుగ్గలను 2017 మే 1 నుంచి దేశమంతా తీసేసిన్రు.

1983 డిసెంబర్ 14న మారుతి 800 మొదటి కారు తాళాలను ఇందిరాగాంధీ ఇచ్చింది. అక్కడి నుంచి లెక్క మారింది. పట్నంలో మారుతులు పెరిగే కొద్దీ పాత అంబాసిడర్లు చవకైనయి. చవకైనవి మెల్లగా ఊర్ల దిక్కు కదిలినయి. ఒకప్పుడు ఆఫీసర్లు ఎక్కిన సీట్ల మీద రైతులు, బీడీలు చేసే ఆడోళ్ళు, పెండ్లి పిల్లలు కూర్చున్నరు. నా లెక్కలో అంబాసిడర్ అసలు చరిత్ర అప్పుడే మొదలైంది.

మగ్గం నుంచి స్టీరింగ్‌కు

కొడకండ్ల అంటే చేనేత. పని సాగక మా దగ్గరి నుంచి భివండి, షోలాపూర్, సూరత్ పోయిన కుటుంబాలు ఎన్నో. మా పెదనాయన కూడా భివండి పోయి పవర్‌లూమ్ మీద పనిచేసిండు. మా బాపు పోలేదు. 1990లో మా పెదనాయన పంపిన పైసలు, అవ్వ మెడలోని బంగారం, కొంత అప్పు కలిపి ఈ బండి కొన్నడు. అప్పటికే దానికి పదహారేండ్లు. మగ్గం గుంటలో కాళ్ళాడించిన మనిషి క్లచ్, బ్రేక్ నేర్చుకున్నడు. రెండూ కాళ్ళ పనే కదరా అని నవ్వేటోడు.

నంబర్ ప్రైవేటుదే, నడిపింది కిరాయికి. అది రూల్ కాదు, నాకు తెలుసు. కానీ ఆ రోజుల్లో ఊర్లలో అట్లనే నడిచింది. ముందు సీటు ఒకే పొడుగు బెంచీలా ఉంటది. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉంటది కాబట్టి మధ్యలో కూడా ఒకరు కూర్చోవచ్చు. ముందు నలుగురు, వెనక ఆరుగురు, పిల్లలు లెక్కలోకి రారు. వెనక ఇరుసుకు లారీల లెక్క పట్టీలు ఉంటయి. అందుకే అంత బరువుకూ కుంగేది కాదు.

ఈ బండి భివండి పోయేటోళ్ళను జనగామ స్టేషన్‌లో దించింది. పండుగకు వాళ్ళను మళ్ళా తెచ్చింది. పెండ్లిళ్ళకు పూల దండలు కట్టించుకుంది. ఎలక్షన్లకు మైకు కట్టించుకుంది. వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఎన్ని సార్లు పోయిందో లెక్కనే లేదు. కొన్ని సార్లు మనిషిని పండుకోబెట్టి తీస్కపోయి, శవాన్ని పండుకోబెట్టి తీస్కొచ్చింది. అట్లాంటి రోజు బాపు బండిని కడిగి, తనూ తలస్నానం చేసి, అప్పుడే ఇంట్ల అడుగు పెట్టేటోడు.

1997 వానాకాలం

ఇక ఈ వీడియోలో చెప్పాలా వద్దా అని నేను చాలా ఆలోచించిన విషయం. బాపును అడిగిన. చెప్పు అన్నడు.

1997 వానాకాలం. నేను అప్పుడు ఐదో తరగతి. అర్ధరాత్రి మా వాడకట్టు ఆడమనిషికి నొప్పులొచ్చినయని తలుపు కొట్టిన్రు. రెండు రోజులుగా ఆగకుండా వాన. అప్పుడు ఈ షెడ్డు లేదు, బండి బయటే ఉండేది. బాపు తాళం తిప్పిండు. ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోవడం లేదు. బ్యాటరీ దిగిపోయింది. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పిండు. నలుగురు నెట్టిన్రు. కాలేదు.

ఎందుకో ఇప్పటి పిల్లలకు కొంచెం చెప్పాలి. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ అని ఒకటి ఉంటది. నాలుగు సిలిండర్లకు వంతుల వారీగా కరెంటు పంచేది అదే. దాని టోపీ లోపల తేమ చేరితే కరెంటు ప్లగ్గు దాకా పోదు, మధ్యలోనే దారి తప్పుతది. బయటికి చూస్తే అంతా బాగానే ఉంటది, బండి మాత్రం స్టార్ట్ కాదు. లాంతరు పట్టుకొని, టోపీ ఊడదీసి, అవ్వ కొంగుతో తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, మళ్ళా పెట్టేసరికి ముప్పావు గంట పట్టింది. అప్పుడు స్టార్ట్ అయింది. దవాఖానకు చేరిన్రు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

ఆ ముప్పావు గంట ముందు పోయి ఉంటే బతికేదా? డాక్టర్ చెప్పలేదు. బాపు అడగలేదు. ఆ ఇంటోళ్ళు ఇప్పటిదాకా మా బాపును ఒక్క మాట అనలేదు. కిరాయి ఇయ్యబోతే ఆయన తీస్కోలేదు. వారం తిరగకుండానే ఈ రేకుల షెడ్డు వేయించిండు. అప్పు తెచ్చి మరీ.

అప్పటి నుంచి వాన పడ్డ ప్రతి సాయంత్రం బానెట్ ఎత్తి, టోపీ తీసి, పొడి బట్టతో తుడిచి పెడ్తడు. 2008లో కిరాయిలు బంద్ చేసినం. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటినయి. ఇప్పటికీ తుడుస్తడు. చిన్నప్పుడు ఇది చాదస్తం అనుకునేటోన్ని.

అందుకే ఎవరైనా పాత కార్లే మంచియి, ఆ రోజులే వేరు అంటే నేను తల ఊపలేను. ఆ రోజుల్లో ఒక ప్రాణం డిస్ట్రిబ్యూటర్ టోపీలోని తడి మీద ఆధారపడి ఉండేది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్స్‌లు మొదలైనయి. తర్వాత తర్వాత మా దిక్కు కూడా వచ్చినయి. మొదటిసారి మా వాడలోకి ఆ బండి వచ్చినప్పుడు బాపు గేటు దగ్గర నిలబడి చూసి ఒక్క మాటే అన్నడు: “మంచిగైంది.” కిరాయి పోయిందన్న బాధ ఆ మాటలో నాకు వినపడలేదు.

ఇప్పుడు నడిపితే ఎట్లుంటది

2014 మే 24న ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. తొమ్మిది రోజులకు, జూన్ 2న తెలంగాణ వచ్చింది. మేమంతా సంబురంలో ఉండి ఆ వార్తను పట్టించుకోలేదు. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో గ్రూపు 80 కోట్లకు కొన్నది.

నడపడం గురించి చాలామంది కామెంట్లలో అడుగుతుంటరు. చెప్తా. పవర్ స్టీరింగ్ లేదు. ఆగిన బండిని మలపాలంటే భుజాలు పనిచెయ్యాలి. ఫస్ట్ గేర్ వెయ్యాలంటే బండి పూర్తిగా ఆగాలి, లేకుంటే పండ్లు కొరికిన చప్పుడొస్తది. హెడ్‌లైట్ డిమ్, డిప్ చేసే బటన్ ఎడమ కాలి కింద ఉంటది. పొద్దున చోక్ గుంజి స్టార్ట్ చెయ్యాలి, వేడెక్కినాక మెల్లగా లోపలికి నెట్టాలి. మే నెల ఎండలో పెట్రోల్ పంపులో ఆవిరి పట్టి బండి ఆగిపోతది. అప్పుడు తడి గుడ్డ కప్పి, చెట్టు కింద కూర్చోవడమే. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు పండుగ.

ఈ బండి నన్ను వినమంటది. టాపెట్ల చప్పుడు మారిందా, సైలెన్సర్ దగ్గుతుందా, వేడి ముల్లు ఎక్కడుంది... ఫోన్ పక్కన పెట్టి చెవి అటు పెట్టాల్సిందే.

కష్టం ఎక్కడంటే సామాన్లు, మనుషులు. సామాన్లు ఇంకా దొరుకుతయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే, లేకుంటే కలకత్తా నుంచి తెప్పిస్తే. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తుంది. అది పాత రబ్బరు పైపులను మెత్తబడేటట్టు చేస్తది. అందుకని పైపులు, పంపు లోపలి పొర మార్పించిన. అదీ పైసలతో అయ్యే పని. మనుషులే దొరుకుతలేరు. జనగామలో మా బండి చూసే మేస్త్రీకి పెద్ద వయసు. పాయింట్ల మధ్య సందు ఎంతుండాలో ఆయన వేలికి తెలుసు. కార్బురేటర్ ట్యూనింగ్ చెవితో చేస్తడు. ఆయన కొడుకు ల్యాప్‌టాప్ పెట్టి స్కాన్ చేస్తడు, అతను కూడా మంచి పనివాడే. కానీ మా బండికి ల్యాప్‌టాప్ పెట్టే చోటు లేదు. అందుకే ఇప్పుడు నేను పోయినప్పుడల్లా ఆ మేస్త్రీ చేతులను వీడియో తీస్తున్న.

కాగితాల మీద మూడు దార్లు

ఇప్పుడు అసలు చిక్కు. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ పాత కార్ల కోసం కొత్త రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20,000. పదేండ్లు చెల్లుతది, తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. కొత్తగా నంబర్ ఇస్తే అందులో ‘వీఏ’ అక్షరాలు ఉంటయి. ముందే నంబర్ ఉన్న బండ్లు పాత నంబర్ ఉంచుకోవచ్చు. మా 1974 బండికి 2024తో యాభై నిండినయి. అంటే మాకూ అర్హత వచ్చింది.

అయితే ఒక షరతు. వింటేజ్ బండిని రోజువారీ అవసరాలకు, కిరాయికి రోడ్డు మీద తిప్పొద్దు. ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, రిపేరుకో, పెట్రోల్‌కో అయితేనే బయటికి తియ్యాలి. రూల్ వెనక అర్థం ఉంది. పాత బండ్ల బ్రేకులు, పొగ సంగతి మనకు తెలిసిందే.

రెండో దారి మామూలు కారు లెక్కనే ఉంచుకోవడం. పదిహేనేండ్లు దాటిన సొంత కారుకు ఐదేండ్లకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏండ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం 10,000కు పెంచింది. మూడో దారి తుక్కు. అది ఎప్పుడూ తెరిచే ఉంటది.

వింటేజ్ అంటే గౌరవం. కాగితం మీద ‘చరిత్ర’ అని ముద్ర పడుతది. కానీ చరిత్ర అయినాక ఆదివారం పొద్దున అవ్వను ఎక్కించుకొని జనగామ అంగడికి పోలేను. రెండు రాత్రులు ఇదే లెక్క వేసుకున్న. చివరికి బాపును అడిగిన. ఆయన బండి దిక్కు చూసి, “తిప్పకుంటే ఖరాబైతది బిడ్డా. ఇనుమైనా, మనిషైనా,” అన్నడు.

అందుకే ఇప్పటికి రెండో దారే పట్టినం. తనిఖీకి ముందు బ్రేకులు మొత్తం మార్పించిన. సీటు బెల్టులు పెట్టించిన. వారానికి ఒకసారి దేవరుప్పుల మీదుగా జనగామ దాకా పోయి వస్తం. వయసు మీద పడి ఇక ఊరు దాటలేదు అనిపించిన రోజు వింటేజ్ సంగతి చూద్దాం. రిసార్ట్ గేటుకు మాత్రం పోదు.

చివరగా మీతో ఒక మాట. మీ ఊర్లో కూడా ఇట్లాంటి ఒక బండి ఉండే ఉంటది. అంబాసిడర్ కావచ్చు, మెటాడోర్ కావచ్చు, జీపు కావచ్చు, ట్రాక్టర్ కూడా కావచ్చు. ఇప్పుడు తుప్పు పట్టి ఎక్కడో కంపల్లో ఉండొచ్చు. దాని ఫొటో తియ్యండి, మంచిదే. కానీ దాన్ని నడిపిన మనిషి ఇంకా ఉంటే ముందు ఆయన దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఏ రాత్రి ఎవరిని తీస్కపోయినవ్ అని అడగండి. చేరుకున్న రాత్రులే కాదు, చేరుకోలేని రాత్రి గురించి కూడా అడగండి. వెంటనే చెప్పకపోవచ్చు. మా బాపుకు ఇరవై ఏండ్లు దాటినయి.

మబ్బు పట్టింది. బాపు అప్పుడే బానెట్ ఎత్తిండు, బట్ట అడుగుతున్నడు. నేను పోవాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.